పద్దెనిమిదేళ్లు నిండాక వీరెక్కడికి వెళ్లాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి మన ఇళ్లలో ఒకటే మాట. ఎవరికెన్ని మార్కులొచ్చాయి, ఏ కాలేజీలో సీటు దొరుకుతుంది, ఏ కోర్సుకు గిరాకీ ఉంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా రాదా? జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుంటూ కూడా పెద్దలు ఇవే మాట్లాడుకుంటారు. అయితే ప్రతి మొహల్లాలోనూ ఈ ప్రశ్న ఎవరూ అడగని ఇల్లు ఒకటైనా ఉంటుంది. ఆ ఇంట్లోనూ పద్దెనిమిదేళ్ల బిడ్డ ఉంటాడు, లేదా ఉంటుంది. ‘మీవాడు ఇప్పుడేం చదువుతున్నాడు?’ అని అడిగితే తల్లి మనసు నొచ్చుకుంటుందని చుట్టాలు మర్యాదకొద్దీ మాట మారుస్తారు. ఆ బిడ్డకు మేధో వైకల్యం ఉంది. అతని చదువు అక్కడితో అయిపోయిందని ఇంటివారు, వీధివారు, బడివారు అందరూ కలిసి తీర్మానించేశారు.

ఈ తీర్మానం సరైనదేనా? కళాశాల అనేది మార్కులు తెచ్చుకున్నవారికి మాత్రమేనా? మార్కులు తెచ్చుకోలేని బిడ్డకు ఆ ప్రాంగణంలో ఏ రూపంలోనూ చోటు లేదా? ఉందని, ఉండాలని, దాన్ని మన కళాశాలలే ముందుగా ఆచరించి చూపగలవని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎవరు వీరు?

ముందుగా ఒక అపోహ తొలగాలి. మేధో వైకల్యం వేరు, మానసిక వ్యాధి వేరు. మానసిక వ్యాధి ఎవరికైనా, ఏ వయసులోనైనా రావచ్చు, చికిత్సతో తగ్గవచ్చు. మేధో వైకల్యం పుట్టుకతో గానీ ఎదిగే వయసులో గానీ ఏర్పడే పరిస్థితి. కొత్త విషయం నేర్చుకోవడం, తర్కించడం, లెక్క కట్టడం, రోజువారీ పనులు సొంతంగా చక్కబెట్టుకోవడం వీరికి మిగతావారికంటే కష్టమవుతుంది. డౌన్ సిండ్రోమ్ అందుకు బాగా తెలిసిన కారణాల్లో ఒకటి. శరీర కణాల్లో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటమే దానికి మూలమని 1959లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కాన్పు సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, పసితనంలో మెదడుకు సోకే జ్వరాలు వంటివి మరికొన్ని కారణాలు. ఇందులో తల్లి పాపమూ లేదు, ఎవరి దిష్టీ లేదు. తాయెత్తులతో, మొక్కుబడులతో తగ్గేది కూడా కాదు.

ఇన్నాళ్లూ మనం ‘బుద్ధిమాంద్యం’ అని రాస్తూ వచ్చాం. వీధుల్లో అంతకంటే కటువైన మాటలే వినపడతాయి. ఆ మాటలన్నీ ఒక్కటే చెబుతాయి, ఇతనికి ఏమీ రాదని. అది నిజం కాదు. నేర్చుకునే వేగం తక్కువ కావచ్చు, కానీ నేర్చుకునే శక్తి లేకపోలేదు. ఒకరు చిన్న చిన్న వాక్యాలు చదవగలరు. ఇంకొకరు అక్షరాలు రాకపోయినా ఊరిలోని బస్సులన్నిటినీ రంగును బట్టి, డ్రైవరును బట్టి గుర్తుపట్టగలరు. మరొకరు వంటింట్లో ఉప్పుకారాలు తప్పకుండా వేయగలరు. తేలికపాటి వైకల్యం ఉన్నవారే వీరిలో ఎక్కువమంది. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో ఇటువంటివారు సుమారు 15 లక్షలమందిగా నమోదయ్యారు. లెక్కకు వచ్చినవారి సంఖ్య అది. గణకుడు గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు ‘మా ఇంట్లో అటువంటివారెవరూ లేరు’ అని చెప్పిన కుటుంబాలు ఎన్నో మనకు తెలియదు.

చట్టం ఇచ్చిన సీటు, తెరుచుకోని గేటు

చట్టం వీరిని పూర్తిగా మరచిపోలేదు. 1995లో వచ్చిన వికలాంగుల చట్టం పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కని చెప్పింది. విద్యాసంస్థల్లో 3 శాతం సీట్లు కేటాయించింది. ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చూపు, వినికిడి, అవయవ లోపాలున్నవారికే రిజర్వేషను ఇచ్చి మేధో వైకల్యం ఉన్నవారిని పక్కన పెట్టింది. ఆ లోటు సరిదిద్దడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 2016లో పార్లమెంటు ఆమోదించి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య ఇవ్వాలంది. ప్రభుత్వ కళాశాలల్లోనూ, ప్రభుత్వ సాయం పొందే కళాశాలల్లోనూ 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలని, వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు ఇవ్వాలని ఆదేశించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వు చేసి, అందులో ఒక శాతాన్ని మేధో వైకల్యం, ఆటిజం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యాలు వంటివి ఉన్నవారికి ఉమ్మడిగా ఉంచింది.

వినడానికి ఎంత బాగుంది! కానీ ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఆ 5 శాతంలో డిగ్రీ సీటు కోరాలంటే ముందు ఏం కావాలి? ఇంటర్ పాస్ కావాలి. చూపు లేని విద్యార్థికి బ్రెయిలీ పుస్తకం, పరీక్ష రాసిపెట్టే మనిషి దొరికితే ఇంటర్ పాసవుతాడు. కాలు లేని విద్యార్థికి ర్యాంపు కట్టిస్తే తరగతికి వస్తాడు. మేధో వైకల్యం ఉన్న బిడ్డకు అడ్డుగా నిలిచేది మెట్లు కావు, ప్రశ్నపత్రమే. ఆ ప్రశ్నపత్రాన్ని మార్చకుండా సీటు ఇచ్చామనడం, తాళం వేసిన ఇంటికి అతిథిని పిలిచినట్టుంది. సీటు కాగితం మీద ఉంటుంది. గేటు మూసే ఉంటుంది. ఆ సీట్లు సహజంగానే ఇతర వైకల్యాలున్నవారికి వెళతాయి. వారికి దక్కడం న్యాయమే. వీరికి మాత్రం చట్టం వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

ఉద్యోగాల సంగతీ అంతే. ఒక శాతంలో వాటా ఉంది. ఆ ఉద్యోగానికి తయారు చేసే చదువు ఎక్కడ? పద్దెనిమిదేళ్ల వరకు బడి, మండల కేంద్రంలో భవిత కేంద్రం, సదరం శిబిరంలో ధ్రువపత్రం, ఆ మీదట నెలనెలా పింఛను. పింఛను అన్నం పెడుతుంది, కాదనలేం. కానీ పద్దెనిమిదేళ్ల వయసులో మనిషికి అన్నం ఒక్కటే చాలదు. తన ఈడువారి సావాసం కావాలి, పొద్దున లేచి వెళ్లడానికి ఒక చోటు కావాలి, సాయంత్రం వచ్చి ఇంట్లో చెప్పుకోవడానికి ఒక కబురు కావాలి.

ఇతర దేశాల్లో ఏం చేశారు?

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. కెనడా దేశంలోని అల్బర్టా రాష్ట్రంలో కొందరు తల్లిదండ్రులు ఇదే ప్రశ్నతో విశ్వవిద్యాలయం తలుపు తట్టారు. ‘మా మిగతా పిల్లలు బడి అయ్యాక కాలేజీకి వెళ్లారు. ఈ బిడ్డ ఎందుకు వెళ్లకూడదు?’ అన్నది వారి ప్రశ్న. ఫలితంగా 1987లో ఎడ్మంటన్ నగరంలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో మేధో వైకల్యం ఉన్న విద్యార్థుల కోసం ఒక ఏర్పాటు మొదలైంది. వీరి కోసం వేరే గది కట్టలేదు, వేరే పాఠం పెట్టలేదు. మిగతా విద్యార్థులు కూర్చునే తరగతిలోనే వీరూ కూర్చుంటారు. చరిత్రో, నాటకమో, పిల్లల పెంపకమో, తనకు ఇష్టమైన పాఠం ఎంచుకుంటారు. అధ్యాపకుడి అనుమతితో, సహాయకుల తోడ్పాటుతో ఆ పాఠంలో తనకు అందినంత నేర్చుకుంటారు. డిగ్రీ పట్టా కోసం పోటీ ఉండదు. విద్యార్థి జీవితం మాత్రం పూర్తిగా ఉంటుంది.

అమెరికాలో 1975 నాటి చట్టం వల్ల వికలాంగ పిల్లలకు ప్రభుత్వ బడిలో చదువు హక్కయింది. ఆ హక్కు సుమారు 21 ఏళ్ల వయసుతో ముగిసిపోతుంది. అక్కడి తల్లిదండ్రులకు కూడా ‘తర్వాత ఏమిటి?’ అన్న ప్రశ్న ఎదురైంది. వారి సుదీర్ఘ ప్రయత్నాల తర్వాత 2008 ఆగస్టులో ఆమోదం పొందిన ఉన్నత విద్యా చట్టం ఒక కొత్త దారి తెరిచింది. హైస్కూలు పట్టా లేకపోయినా, డిగ్రీ కోసం చదవకపోయినా, ప్రభుత్వం గుర్తించిన కార్యక్రమంలో చేరిన మేధో వైకల్య విద్యార్థికి కూడా ఫెడరల్ విద్యా సాయం, చదువుతూ పనిచేసే పథకం వర్తిస్తాయని ఆ చట్టం చెప్పింది. 2010లో 27 విద్యాసంస్థలకు నమూనా కార్యక్రమాల కోసం నిధులిచ్చారు. ఇప్పుడు ఆ దేశంలో మూడు వందలకు పైగా కళాశాలల్లో ఇటువంటి ఏర్పాట్లున్నాయి. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్నవారి పిల్లలు ఈ సాయానికి దరఖాస్తు చేసుకోవచ్చు. తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నవారి పిల్లలకు ఫెడరల్ సాయం అందదు.

అక్కడ ఒక విద్యార్థి రోజు ఎలా గడుస్తుంది? ఉదయం ఒక మామూలు తరగతి. పక్కన తోటి విద్యార్థి ఒకరు మార్గదర్శిగా ఉంటారు. మిగతావారు ఇరవై పేజీల వ్యాసం రాస్తే, ఇతను ఐదు బొమ్మలు పెట్టి వాటి గురించి నోటితో చెబుతాడు. మధ్యాహ్నం క్యాంపస్‌లోని గ్రంథాలయంలోనో, భోజనశాలలోనో కొన్ని గంటల పని. సాయంత్రం ఆటలు, క్లబ్బు, స్నేహితులు. మధ్యమధ్య బస్సు ఎక్కడం, డబ్బు దాచుకోవడం, సమయానికి మందు వేసుకోవడం వంటివి నేర్పుతారు. చివర ఇచ్చేది డిగ్రీ కాదు, సర్టిఫికెట్టు. ఆ సర్టిఫికెట్టు కంటే ఆ రెండు మూడేళ్లలో అలవడిన ధైర్యమే ఆ బిడ్డకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

అక్కడ అంతా సవ్యంగా ఉందని చెప్పబోవడం లేదు. వేల కళాశాలలున్న దేశంలో మూడు వందలంటే ఎంత? ఫీజులు చాలాచోట్ల మధ్యతరగతి మోయలేనంత. కొన్ని కళాశాలలు వీరిని చేర్చుకుని, మళ్లీ వేరే గదిలోనే కూర్చోబెడుతున్నాయి. అది పేరుకే చేర్పు. మనం వారి భవనాలను, ఫీజులను తెచ్చుకోనవసరం లేదు. తెచ్చుకోవలసింది ఒక్క ఆలోచనే. పట్టా పొందే అర్హత వేరు, నేర్చుకునే అర్హత వేరు. మొదటిది పరీక్ష నిర్ణయిస్తుంది. రెండవది ప్రతి మనిషికీ ఉంటుంది.

స్పెయిన్ దేశానికి చెందిన పాబ్లో పినేడా పేరు కొందరు విని ఉంటారు. డౌన్ సిండ్రోమ్ ఉండి కూడా విశ్వవిద్యాలయ పట్టా పొందిన వ్యక్తిగా ఆయన ఐరోపా అంతటా ప్రసిద్ధుడు. 2009లో శాన్ సెబాస్టియన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి కూడా అందుకున్నారు. అటువంటివారిని చూసి సంతోషించాలి. అయితే వారిని కొలబద్దగా పెట్టుకోకూడదు. ‘ఆయన డిగ్రీ చేశాడుగా, నువ్వెందుకు చేయలేవు?’ అని బిడ్డను నిలదీస్తే అది ఇంకో రకం హింస. పాబ్లో కాలేని బిడ్డకు కూడా కళాశాలలో చోటుండటమే అసలు న్యాయం.

ప్రమాణాలు పడిపోవా?

ఈ మాట చెప్పగానే ప్రిన్సిపాళ్లు, అధ్యాపకులు మొదట అనే మాట ఇది. ప్రమాణాలు పరీక్షలో ఉంటాయి. పట్టా ఇచ్చే దగ్గర ఉంటాయి. తరగతిలో ఒక బెంచీ మీద మరొక విద్యార్థి కూర్చున్నంత మాత్రాన మిగతావారి డిగ్రీ విలువ తగ్గదు. ఇతనికి డిగ్రీ ఇమ్మని ఎవరూ అడగడం లేదు. చార్మినార్ గురించి పాఠం జరుగుతుంటే, మిగతావారు కుతుబ్‌షాహీల ఆర్థిక విధానం మీద వ్యాసం రాస్తారు. ఇతను దాన్ని కట్టింది 1591లో అని, కట్టించింది ఎవరని, నాలుగు మీనార్లలో ఏ వైపు నుంచి ఏ బజారు కనపడుతుందని చెబుతాడు. ఆ ఇద్దరి జ్ఞానమూ నిజమైనదే.

విశ్వవిద్యాలయం విద్యార్థి కోసం మారడం మన గడ్డ మీద కొత్త కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లీషులో బోధిస్తున్నాయి. ఒక భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగు నేర్పడమేమిటని నవ్వినవారున్నారు. అయినా ఉస్మానియా ఉర్దూలో బోధించింది. పుస్తకాలు లేకపోతే అనువాద విభాగం పెట్టి పుస్తకాలు తయారు చేయించింది. విద్యార్థి ఇంగ్లీషు నేర్చుకుని రావాలని కూర్చోలేదు. పాఠమే విద్యార్థి దగ్గరికి నడిచి వచ్చింది.

మరో ఉదాహరణ కూడా మన హైదరాబాదుదే. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇక్కడ ఏర్పడింది. నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఏ చదువు సర్టిఫికెట్టూ లేని పెద్దలకు ఆనాడు ఒక అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి ప్రవేశం కల్పించింది. బడి మానేసి కూలికి వెళ్లినవారు, పెళ్లయి పిల్లల్ని పెంచుకుంటున్న గృహిణులు ఆ గేటులోంచి లోపలికి వెళ్లారు. అప్పుడు కూడా ప్రమాణాలు పడిపోతాయన్నారు. ఒకరి కోసం భాష మార్చాం, ఇంకొకరి కోసం గేటు మార్చాం. ఇప్పుడు ఈ బిడ్డల కోసం పాఠం చెప్పే తీరును కాస్త మార్చమంటున్నాం.

ఇక ఖర్చు మాట. దీనికి కావలసింది పెద్ద భవనం కాదు. బాధ్యత తీసుకునే అధ్యాపకుడు ఒకరు, తోడుగా ఉండే విద్యార్థులు పదిమంది. జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటలు సమాజసేవ చేయాలి. ఆ గంటల్లో కొన్నింటిని ఈ తోడుకు లెక్కగట్టవచ్చు కదా! చెట్లు నాటడం, రోడ్డు ఊడవడం ఎంత మంచి పనో, తోటి విద్యార్థి చేయి పట్టుకుని గ్రంథాలయం చూపించడం అంత మంచి పనే. 2020 జాతీయ విద్యా విధానం డిగ్రీ మధ్యలో ఏడాదికే సర్టిఫికెట్టు తీసుకుని బయటికి వెళ్లే వీలు కల్పించింది. పూర్తి డిగ్రీ కంటే తక్కువ చదువుకూ విలువ ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్నాక, ఈ విద్యార్థులకు తగిన ఏడాది కోర్సు రూపొందించడం అసాధ్యమేమీ కాదు.

అవమానిస్తారేమో, ఏడిపిస్తారేమో అన్న భయం తల్లిదండ్రులకు ఉంటుంది. ఆ భయం అర్థం లేనిది కాదు. ర్యాగింగును నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. వికలాంగుణ్ణి నలుగురిలో ఉద్దేశపూర్వకంగా అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చని 2016 చట్టం చెబుతోంది. చట్టంకంటే గట్టి రక్షణ స్నేహితుడు. ఒక్క తోటి విద్యార్థి ‘వీడు మావాడు’ అని పక్కన నిలబడితే చాలు, పదిమంది నోళ్లు మూతపడతాయి. ఆ స్నేహితుడు దొరికేది ఇంట్లో కాదు, తరగతిలోనే.

మన ఇళ్లలో మారవలసినవి

కళాశాలలను అడిగే ముందు మన ఇళ్లలోకి ఒకసారి తొంగి చూసుకోవాలి. ఈ బిడ్డల మీద మనకు ప్రేమ తక్కువ లేదు. చాలా ఇళ్లలో అమ్మీ తన జీవితమంతా ఆ ఒక్క బిడ్డకే ధారపోస్తుంది. అయితే ప్రేమ కొన్నిసార్లు గోడగా మారుతుంది. అన్నం కలిపి నోట్లో పెట్టడం, చొక్కా బొత్తాలు పెట్టడం, దుకాణానికి పంపకపోవడం, చుట్టాలు వస్తే లోపలి గదిలో కూర్చోబెట్టడం. అక్కచెల్లెళ్ల నికా సంబంధాలు చెడతాయేమోనన్న భయంతో బిడ్డను దాచిపెట్టే ఇళ్లూ ఉన్నాయి. అమ్మాయి విషయంలో ఈ గోడ ఇంకా ఎత్తు. గడప దాటితే ప్రమాదమని ఇంట్లో కూర్చోబెడతారు. అయితే మంచి స్పర్శ ఏదో చెడ్డ స్పర్శ ఏదో తెలియని అమ్మాయి, ‘వద్దు’ అని గట్టిగా చెప్పడం రాని అమ్మాయి ఇంట్లో ఉన్నా బయట ఉన్నా ప్రమాదంలోనే ఉంటుంది. తనను తాను కాపాడుకోవడం కూడా చదువులో భాగమే. నలుగురి మధ్య మసలితేనే అది వస్తుంది.

మరో మాట కూడా తరచుగా వినపడుతుంది. ‘వాడికి నమాజు, రోజాయే విధి కాదంటారు. ఇంక చదువెందుకు?’ అని. అర్థం చేసుకునే శక్తి లేనివారి మీద ధర్మం బాధ్యతల భారం మోపలేదు. అది కరుణ. బాధ్యత నుంచి మినహాయింపు ఇవ్వడం వేరు, హక్కు నుంచి వెలివేయడం వేరు. మోయలేనివాడి భుజం మీద బరువు దించమన్నారు గానీ అతన్ని దారి పక్కన దించేసి వెళ్లమని ఎవరూ చెప్పలేదు. పైగా ఈ బిడ్డలందరూ ఒకే తీరుగా ఉండరు. చాలామందికి చాలా విషయాలు అర్థమవుతాయి. విద్యార్జన ప్రతి ఒక్కరి విధి అని జుమా ప్రసంగాల్లో వింటూ తల ఊపే మనం, ఆ ‘ప్రతి ఒక్కరు’లో మన ఇంటి బిడ్డను కలుపుకుంటున్నామా?

అన్నిటికంటే పెద్ద ప్రశ్న తల్లిదండ్రుల గుండెల్లో రాత్రిపూట మెదిలేది. ‘మేం పోయాక వీడి గతేమిటి?’ ఆస్తి రాసిస్తే సరిపోతుందా? చాచా కొడుకులకు అప్పగిస్తే సరిపోతుందా? ఆస్తి ఉన్నా దాన్ని చూసేవారుండాలి. చూసేవారున్నా ఆ బిడ్డకు తన కాళ్ల మీద నాలుగడుగులు వేయడం రావాలి. ఊళ్లో పదిమందికి అతను పేరుతో తెలిసి ఉండాలి. ఇల్లు ఒక్కటే తెలిసిన బిడ్డకు తల్లిదండ్రులు పోయిన రోజున ప్రపంచమంతా పోతుంది. కళాశాల, పని, స్నేహితులు తెలిసిన బిడ్డకు దుఃఖం మిగులుతుంది, ప్రపంచం కూడా మిగులుతుంది.

మన కళాశాలలు ముందుకు రావాలి

తెలుగు రాష్ట్రాల్లో ముస్లిం సొసైటీలు, ట్రస్టులు నడుపుతున్న జూనియర్, డిగ్రీ, ఇంజనీరింగు కళాశాలలు ఎన్నో ఉన్నాయి. రాజ్యాంగంలోని 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలు స్థాపించుకుని నడుపుకునే హక్కునిచ్చింది. ప్రభుత్వ సాయం తీసుకోని కళాశాలకు ఆ 5 శాతం రిజర్వేషను వర్తించకపోవచ్చు. చట్టం బలవంతం చేయని చోట చేసి చూపించడంలోనే కదా సమాజం పెద్దరికం తెలిసేది! బలహీనులకు చదువు చెప్పడానికే ఈ సంస్థలు పుట్టాయని వార్షికోత్సవాల్లో పెద్దలు చెబుతుంటారు. మనలో అందరికంటే బలహీనుడు ఎవరో వారు ఆలోచించాలి.

ఒక కళాశాల వచ్చే ఏడాదే చేయగల పనులు చెబుతాను. మొదట ఇద్దరు ముగ్గురు విద్యార్థులతో మొదలుపెట్టాలి. వారికి ఇష్టమైన ఒకటి రెండు పాఠాల్లో మామూలు తరగతిలోనే కూర్చోబెట్టాలి. కంప్యూటరు ల్యాబు, తోట, గ్రంథాలయం, క్యాంటీను వంటి చోట్ల రోజుకు గంటో రెండు గంటలో పని నేర్పాలి. తోడు విద్యార్థులకు, అధ్యాపకులకు ముందుగా కొద్దిపాటి శిక్షణ ఇప్పించాలి. అందుకు బయటి దేశాలకు వెళ్లనక్కర లేదు. 1984లో ఏర్పడిన జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. దేశమంతటి నుంచి ఉపాధ్యాయులు అక్కడికి వచ్చి శిక్షణ పొందుతున్నారు. పక్కనే ఉన్న మనం ఆ సంస్థను వాడుకోకపోవడం విచారకరం. ఏడాది చివర ఆ విద్యార్థి ఏమేమి చేయగలడో స్పష్టంగా రాసి, ప్రిన్సిపాల్ సంతకంతో సర్టిఫికెట్టు ఇవ్వాలి. స్నాతకోత్సవంలో మిగతావారితో పాటు అతన్నీ వేదిక మీదికి పిలవాలి.

తల్లిదండ్రులు కూడా చేతులు కట్టుకుని కూర్చోకూడదు. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు తీసుకోవాలి. బిడ్డకు చదవడం రాయడం కొంత వస్తే జాతీయ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతికి కట్టించవచ్చు. అందులో ఐదేళ్ల వ్యవధిలో తొమ్మిది అవకాశాలుంటాయి, ఒక్కొక్క సబ్జెక్టుగా పూర్తి చేసుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండాక అవసరమైతే 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి సంరక్షకుల నియామకం కోసం దరఖాస్తు చేయాలి. అదే చట్టం కింద నిరామయ పేరుతో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కూడా ఉంది. ఇవన్నీ ఒక ఎత్తయితే, ఇంట్లో చేయవలసింది ఇంకొక ఎత్తు. చిల్లర లెక్కపెట్టడం, ఒంటరిగా వీధి చివరి దుకాణానికి వెళ్లి రావడం, ఫోన్ నంబరు చెప్పడం పదిహేనేళ్లలోపే నేర్పాలి. తర్వాత ఇరుగుపొరుగున ఇటువంటి బిడ్డలున్న నాలుగు కుటుంబాలను కలుపుకుని దగ్గరలోని కళాశాల ప్రిన్సిపాల్ గదికి వెళ్లాలి. అల్బర్టాలో 1987లో జరిగింది కూడా ఇంతే. తల్లిదండ్రులు వెళ్లి అడిగారు. ఒక్కరు అడిగితే జాలి పడి కాఫీ ఇచ్చి పంపుతారు. పదిమంది కలిసి అడిగితే కాగితం, కలం తీసుకుంటారు.

వచ్చే వేసవిలో మళ్లీ ఫలితాలు వస్తాయి. మళ్లీ సీట్ల కబుర్లు మొదలవుతాయి. అప్పుడు ఆ మౌనంగా ఉన్న ఇంటి గుమ్మంలో నిలబడి, మిగతా పిల్లలను అడిగినట్టే ఆ బిడ్డను కూడా ‘నువ్వు ఏం చదవాలనుకుంటున్నావు?’ అని అడగండి. తల్లినో తండ్రినో కాదు, అతన్నే అడగండి. జవాబు రావడానికి కొంచెం ఆలస్యం కావచ్చు. ఓపికగా వినండి. ఆ జవాబును కళాశాల దాకా చేర్చడం మన అందరి బాధ్యత.